సత్యాన్వేషియు, దూరదర్శనమును

వంగ సాహిత్యము తెలుగుదేశములోనికి రెండు ద్వారములగుండ వచ్చినది. బంకించంద్రుడు, రవీంద్రుడు, శరత్‌చంద్రుడు సింహద్వారమున ప్రవేశించిరి. పాంచకడి దే వ్రాసిన అపరాధపరిశోధక నవలలు పెరటిదారిన వచ్చినవి. మొదటివారిని గూర్చి మనము సభలు చేసితిమి. రెండవవానిని తలగడ క్రింద దాచుకొని చదివితిమి. ఈ రెండు ద్వారముల నడుమ నిలువగల రచయిత వంగదేశమున నొకడున్నాడు. ఆయన శరదిందు బందోపాధ్యాయ. ఆయన సృష్టించిన వ్యోమకేశ్ బక్షీ మనలో పెక్కుమందికి పుస్తకము ద్వారా పరిచయమైనవాడు కాడు. 1993లో దూరదర్శన్ జాతీయ ప్రసారమున, ధోవతి లాల్చీ ధరించి, హిందీ మాటలాడుచు మన యిండ్లలోనికి వచ్చినాడు. బాసూ ఛటర్జీ దర్శకత్వమున వెలువడిన ఆ ధారావాహికను 1997లో మరల కొనసాగించిరి. 2020 మార్చిలో దేశమంతయు తలుపులు వేసికొని కూర్చుండినప్పుడు దూరదర్శన్ దానిని పునఃప్రసారము చేసినది. ఇరువదియేడేండ్ల పిమ్మటను దానిని చూచువారు దొరకిరనుట గమనింపదగిన విషయము.

నవలగాని కథగాని తెరకెక్కినప్పుడు మనము సాధారణముగా అడుగు ప్రశ్న యొక్కటే: మూలమునకు విధేయముగా నున్నదా, లేదా? అనువాదకుడనై యుండియు నేనీ ప్రశ్నను అంతగా విశ్వసింపను. విధేయత అనగా దేనికి విధేయత? సంఘటనలకా, పాత్రలకా, కాలమునకా, లేక కథ చెప్పు గొంతుకకా? వ్యోమకేశ్ కథలయందు ఈ నాలుగును వేరు వేరుగా నున్నవి. తెరకెక్కించినవారు ఒక్కొక్కరు ఒక్కొక్కదానిని పట్టుకొని తక్కినవానిని వదలిరి. వానిలో దేనిని వదలిన కథ నిలుచును, దేనిని వదలిన కూలును అనునదియే విచారింపదగిన సంగతి.

మొదట రచయితను గూర్చి కొంచెము. శరదిందు 1899లో జౌన్‌పూరులో జన్మించెను. ఆయన కుటుంబము బీహారులోని ముంగేరునందు నివసించినది. న్యాయశాస్త్రము చదివి, కొంతకాలమునకు దానిని వదలి, 1938లో బొంబాయి చేరి బాంబే టాకీస్ సంస్థకు చలనచిత్ర కథలు వ్రాసెను. 1952లో పూనాకు తరలి, 1970లో మరణించువరకు అచటనే యుండెను. అనగా కలకత్తా వీధులను అంత ప్రీతితో వర్ణించిన యీ రచయిత జీవితమున ఎక్కువ భాగము వంగదేశమునకు వెలుపలనే గడచినది. చారిత్రక నవలాకారుడుగా ఆయన కీర్తి తక్కువది కాదు. మన విజయనగరమును, ప్రౌఢదేవరాయల కాలమును వస్తువుగా గొని ఆయన వ్రాసిన ‘తుంగభద్రార్ తీరే’ నవలకు 1967లో రవీంద్ర పురస్కారము లభించినది. హంపీ శిథిలములను గూర్చి ఇంత ఆత్మీయముగా వ్రాసిన వంగీయుని తెలుగువారు ముందుగా డిటెక్టివు కథలవలననే ఎరుగుట విచిత్రముగానే యున్నది.

వ్యోమకేశ్ కథలు 1932లో ఆరంభమైనవి. నాలుగైదేండ్లు వ్రాసి రచయిత వానిని ఆపివైచెను. సుమారు పదునైదేండ్ల మౌనము తరువాత, బొంబాయి చిత్రపరిశ్రమతో విసిగినవాడై, మరల ఆరంభించి తుదివరకు వ్రాసెను. పూర్తియైన కథలు ముప్పదిరెండు. అసంపూర్ణముగా మిగిలిపోయిన దొకటి. ఈ వ్యవధానము ముఖ్యమైనది. మొదటి కథలలోని వ్యోమకేశ్ బ్రిటిషు పాలనలోని కలకత్తాలో హారిసన్ రోడ్డున మేడమీది గదులలో స్నేహితుడైన అజిత్‌తోను, పుంటిరాం అను సేవకునితోను కాపురముండు బ్రహ్మచారి. తరువాతి కథలలోనివాడు గృహస్థు, తండ్రి, స్వతంత్ర భారత పౌరుడు. దక్షిణ కలకత్తాలోని కేయాతలాలో సొంత యిల్లు కట్టుకొన్నవాడు. షెర్లాక్ హోమ్స్‌ను మనము ఎన్ని కథలలో చూచినను అతని యింటిలో నొక బిడ్డ ఏడ్చుట వినము. వ్యోమకేశ్ ఇంటిలో వినవచ్చును.

అతడు తన్ను డిటెక్టివ్ అని పిలుచుటకు ఒప్పుకొనడు. ఆ మాట వినుటకు బాగుండదట. దానికి వంగభాషలోనున్న దేశీయ పర్యాయపదము మరియు హీనముగా తోచునట. కనుక తలుపుమీది పలకపై ‘సత్యాన్వేషి’ అని వ్రాయించుకొన్నాడు. ఇది కేవలము చమత్కారము కాదు. నేరమును కనుగొనుట యొకటి, సత్యమును కనుగొనుట మరియొకటి. నేరస్థుని పట్టి యిచ్చుటతో మొదటిది ముగియును. రెండవది అక్కడనే ఆరంభమగును: ఇప్పుడు తెలిసిన దానితో ఏమి చేయవలెను?

‘ఆదిమ్ రిపు’ అను కథను చూడుడు. 1946నాటి మతకల్లోలములతో గాయపడిన కలకత్తాలో ఆరంభమై, 1947 ఆగస్టులో స్వాతంత్ర్యము వచ్చు వేళకు ముగియు కథ యిది. దోషి యెవరో వ్యోమకేశ్‌కు తెలిసినది. అయినను అతనిని రక్షకభటుల కప్పగింపక విడిచిపెట్టెను. దేశము విడుదల పొందుచున్న సమయమున ఒక హంతకుడును విడుదల పొందుచున్నాడు! దీనిని చదివి తృప్తిపడవలెనో, కలతపడవలెనో పాఠకునకు బోధపడదు. శరదిందు బోధపరచడు కూడను. ఇచట ‘రిపు’ అను మాటలో రెండర్థములున్నవి. శత్రువనునది యొకటి, అరిషడ్వర్గములలో మొదటిదగు కామమనునది రెండవది. మనకు సంస్కృతము ఇంటిలోని భాషవంటిది కనుక తెలుగులో ‘ఆదిరిపువు’ అన్నను ఆ రెండును వినబడును. హిందీలో ‘శత్రు’ అన్నచో మొదటిది మాత్రమే నిలుచును. భేదము చిన్నదిగనే కనబడును. కాని ఆ మాటలోనే కథయొక్క కీలకమున్నది.

శీర్షికలను గూర్చి మరి కొంత చెప్పవలసియున్నది. ధారావాహికకు హిందీ పేర్లు పెట్టినవారు చాలచోట్ల మంచి పని చేసిరి. ‘పథేర్ కాంటా’ ‘రాస్తే కా కాంటా’ ఐనది. ముల్లు ముల్లుగనే యున్నది. ఆ కథలో మనుష్యులను చంపునది గ్రామఫోను సూది. ‘దారిలోని ముల్లును తొలగించుకొనగోరువారు’ ఫలానా చోట దీపస్తంభము కడ నిలువవలెనని పత్రికలో ప్రకటన వచ్చును. సూదియు ముల్లే, అడ్డువచ్చిన బంధువును ముల్లే. 1967లో వ్రాసిన ‘శజారుర్ కాంటా’లో ఆయుధము ఏదుపంది ముల్లు, అదియు హిందీలో ‘సాహీ కా కాంటా’గా చెడకుండ వచ్చినది. కాని ‘అర్థమనర్థం’ అను కథ ‘వసీయత్’ అను పేరుతో వచ్చినది. శంకరుల మోహముద్గరమునుండి గైకొన్న ఆ రెండు మాటలు ఆంధ్రదేశమున భజగోవిందము వినిన ప్రతి ముసలమ్మకు తెలిసినవే. మాటిమాటికి వీలునామా మార్చుచు ఇంటివారినందరిని ఆడించు ధనికుడు హత్యకు గురియగుట కథ. శరదిందు పెట్టిన పేరు ఒక తీర్పు. హిందీ పేరు ఒక దస్తావేజు. హిందీ పేరు తప్పు కాదు, ప్రసార సమయమున వీక్షకునకు వెంటనే అర్థమగునది కూడను. అయినను పేరు మారగానే కథ నీతిలోకమునుండి న్యాయస్థానమునకు దిగినట్లు నాకు తోచినది.

ఇంతకును ఆ కథయందే వ్యోమకేశ్‌కు సత్యవతి పరిచయమగును. నేరము మోపబడినవాడు ఆమె యన్న. సత్యాన్వేషి సత్యవతిని అన్వేషించెనను శ్లేషను రచయిత వదలుకొనలేదు. ఆ శ్లేష హిందీలోను తెలుగులోను సులభముగా నిలుచునది. ధారావాహికలో సుకన్యా కులకర్ణి ఆ పాత్రను ధరించినది.

ఇక నాకు ముఖ్యముగా తోచిన విషయమునకు వత్తును. ఈ కథలను చెప్పువాడు అజిత్. అతడు రచయిత, అవివాహితుడు, కొంచెము అమాయకుడు, తన స్నేహితునియెడ అభిమానమును ఈర్ష్యను సమముగా కలవాడు. మొదటి కథయగు ‘సత్యాన్వేషి’లో ఒక భోజనవసతి గృహమున అతని గదిలో అతుల్‌చంద్ర మిత్ర అను నిరుద్యోగి చోటు సంపాదించును, ఆతడే మారుపేరుతో నున్న వ్యోమకేశ్. అజిత్‌కు తెలియదు, మనకును తెలియదు. తన ప్రక్క పడకపై నిద్రించు మనుష్యుడెవడో తెలియని స్థితితో ఆ స్నేహము ఆరంభమైనది. ఆ అజ్ఞానమే కథాకథనమునకు బలము.

అజిత్ వ్రాయు భాష సాధుభాష. అనగా మన గ్రాంథికమువంటిది. 1930 ప్రాంతములలో అది సహజముగనే యుండెను. 1960 తరువాత వంగవచనము చలితభాషకు, అనగా వ్యావహారికమునకు, దాదాపు పూర్తిగా మారిపోయినది. శరదిందు ఏమి చేసెనో చూడుడు. చివరి కథలలో నొకదాని ఆరంభమున ఆయన అజిత్‌ను ఉద్యోగమునుండి తొలగించినాడు! వాని భాష పాతబడినదట. ఇంకను పాత క్రియారూపములే వ్రాయుచున్నాడట. పైగా పుస్తక వ్యాపారములో తీరిక లేనివాడట. కనుక ఇకమీదట రచయితయే స్వయముగా కథ చెప్పునట. తన సొంత పాత్రను భాషా కారణమున పదవీవిరమణ చేయించిన రచయిత భారతీయ సాహిత్యమున మరియొకడున్నాడో లేదో నేనెరుగను. గిడుగువారు దీనిని చదివియుండిన ఎంత నవ్వియుందురో! ఈ వ్యాసమును ఈ క్రియారూపములలో వ్రాయుచున్న నేను మాత్రము అజిత్ పక్షమే వహింతును.

ఈ గొంతుకను తెరమీదికి తెచ్చుట యెట్లు? బెంగాలీ మూలమును హిందీ అనువాదము ప్రక్కన పెట్టుకొని చదివినప్పుడే ఈ చిక్కు నాకు తెలిసివచ్చినది. సాధుభాషకు సమమగునట్లు హిందీలో సంస్కృతపదములు నింపినచో అజిత్ పండితుడగును. అతడు పండితుడు కాడు. ఉర్దూ మిశ్రమైన బజారు హిందీ వ్రాసినచో లఘువగును. మూలములో అతని భాషకున్నది పాండిత్యము కాదు, మర్యాద. ఇస్త్రీ చేసిన లాల్చీవంటిది. అనువాదకుడు పుటమీద పడు ఈ బాధ దర్శకునకు మరియొక విధముగా వచ్చును. తెరపై కథ చెప్పువాడు అజిత్ కాడు, కెమెరా. కెమెరాకు అమాయకత్వముండదు. అది దేనిని చూపినను నిశ్చయముగా చూపును. అజిత్ పొరపాటు పడవచ్చును, తప్పు మనుష్యుని అనుమానించవచ్చును, తన బుద్ధిహీనతను తానే నిజాయితీతో వ్రాసికొనవచ్చును. కెమెరాకు ఈ మూడును చేతకావు.

బాసూ ఛటర్జీ ఈ చిక్కును పూర్తిగా పరిష్కరించెనని చెప్పను. కాని ఆయనకు దొరకిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. అజిత్ గొంతుక పోయినచోట ఆయన అజిత్ ముఖమును నిలిపెను. కె.కె. రైనా ఆ పాత్రలో చేసిన ముఖ్యమైన పని వినుట. వ్యోమకేశ్ ఏదో వివరించుచుండును, లేదా ఆగంతకుడెవడో తన కష్టము చెప్పుకొనుచుండును, రైనా వినుచుండును. తెలియనివాని ముఖమున తెలియుచున్న దాని నీడ పడుట మనము చూతుము. రజిత్ కపూర్ వ్యోమకేశ్ కూడ గొప్పగా వినువాడే. అంతకు ముందేడు, 1992లో, ధర్మవీర్ భారతి నవలిక ఆధారముగా శ్యామ్ బెనెగల్ తీసిన ‘సూరజ్ కా సాత్వా ఘోడా’లో ఆ నటుడే కథలు చెప్పు మాణిక్ ముల్లాగా కనబడినాడు. కథకుడుగా మెప్పించిన మనుష్యుడు మరుసటి యేడు శ్రోతగా మెప్పించెను. ఇతరుల మాట సాంతముగా వినుటయే అతని పరిశోధనాపద్ధతి యనిపించునట్లు అతడు నటించినాడు. భూతద్దముతో నేలపై ప్రాకు డిటెక్టివులను చూచిన కన్నులకు ఇది విశ్రాంతి.

ఆ ధారావాహిక పేదది. గదులు చిన్నవి, వీధులు తక్కువ, దీపములు సాదాగా నున్నవి. అరగంట భాగములు, కొన్ని పెద్ద కథలు మాత్రము ఒకటికి మించిన భాగములైనవి. ఈ పేదరికమే దానికి మేలు చేసినది. శరదిందు కథలలో నేరములు ఎక్కువగా జరుగునది కోటలలోను గుహలలోను కాదు. ఉమ్మడి కుటుంబములలో, వీలునామాల చుట్టును, పడకగదులలో, మందుసీసాల ప్రక్కన. ‘మాకోర్సార్ రస్’ అను కథలో మంచము దిగలేని ముసలివాడు ఇంటివారందరు కావలియున్నను విషమునకు సమానమైన మత్తుపదార్థమును ఎట్లో సంపాదించుకొనుచుండును. ఆ రహస్యమంతయు ఒక గదిలోనిది. ఆ గదిలోని నిత్యవస్తువులలోనిది. దానికి పెద్ద దృశ్యములతో పని లేదు. ‘రజనీగంధా’, ‘ఛోటీ సీ బాత్’ వంటి చిత్రములలో ఆఫీసు గుమాస్తాల ప్రేమలను, బస్సు నిరీక్షణలను చిత్రించిన దర్శకునకు మధ్యతరగతి యిల్లు కొట్టినపిండి. ఆయన హత్యను కూడ ఇంటిపనిలో నొక పొరపాటువలెనే చూపెను. భయము అందువలన హెచ్చినదేగాని తగ్గలేదు.

దోషములు లేకపోలేదు. అరగంటలో చిక్కుముడి వేసి విప్పవలసియున్నందున తుదివివరణము తరచు పరుగెత్తును. ముడి విడినంతనే సంగీతము వచ్చును. సత్యము తెలిసిన తరువాత ఏమి చేయవలెనను ప్రశ్నకు అందు తావు చాలదు. కథలలో వ్యోమకేశ్ చివర తరచు మౌనియగును. తెరపైన మౌనమునకు సమయము దొరకలేదు. నేరపరిశోధన యున్నది, సత్యాన్వేషణము కొంత తగ్గినది. అయినను, వారము వారము వచ్చు రూపము గనుక, సంవత్సరముల ఎడముతో మరల అదే నటుడు కనబడెను గనుక, వ్యోమకేశ్ వయస్సుతో పెరుగువాడను సంగతి చలనచిత్రములకంటె ఇందే నిజమై తోచినది. చలనచిత్రమునకు రెండున్నర గంటలే ఆయువు. పాత్రకు పెండ్లి చేయుటకే అది చాలదు.

చలనచిత్రముల ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. సత్యజిత్ రాయ్ 1967లో ఉత్తమ్ కుమార్‌ను వ్యోమకేశ్‌గా పెట్టి ‘చిడియాఖానా’ తీసెను. దర్శకునకును నటునకును జాతీయ బహుమానములు వచ్చినను, రాయ్‌కు స్వయముగా ఆ చిత్రము తృప్తినీయలేదు. అందు వ్యోమకేశ్ పామును పెంచును, జపానీయుని వేషము వేయును. విచిత్రవ్యక్తిగా చేయుటవలన డిటెక్టివు ఆసక్తికరుడగునను భ్రమ అంతటి దర్శకునకును తప్పలేదు. వ్యోమకేశ్‌లోని వింత అతడు వింతవాడు కాకపోవుటయే గదా! 2015లో దివాకర్ బెనర్జీ హిందీలో తీసిన చిత్రము మొదటి కథను రెండవ ప్రపంచయుద్ధకాలపు కలకత్తాకు మార్చి, జపాను దాడి భయమును, అంతర్జాతీయ మాదకద్రవ్య వ్యాపారమును తెచ్చి దానిని విస్తరించినది. చూచుటకు సొంపుగానున్నది. కాని భోజనవసతి గృహములో ప్రక్క పడకవాని గుట్టు చాలినచోట మహానగరమును కాపాడవలసి వచ్చినది, వ్యోమకేశ్ వీరుడైనాడు.

వంగభాషలోని ధారావాహికలలో రెండింటిని మాత్రమే పేర్కొందును. 2014లో ఈటీవీ బంగ్లాలో గౌరవ్ చక్రవర్తి నటించినది యొకటి. ఆతని తండ్రి సవ్యసాచి చక్రవర్తి రాయ్ సృష్టియగు ఫెలూదాను ధరించి పేరొందినవాడు. ఒకే యింటిలో ఇద్దరు డిటెక్టివులు! రెండవది 2017నుండి ‘హొయిచొయి’ అను అంతర్జాల వేదికపై అనిర్బాణ్ భట్టాచార్య నటించినది. అనిర్బాణ్ ప్రతిభావంతుడు, ఆతని కన్నులలో బుద్ధి యున్నది, కొంత అలసట యున్నది. వ్యోమకేశ్ గృహస్థజీవనమును కూడ ఈ రూపమే ఎక్కువ శ్రద్ధతో చూపినది. అయినను ఈ కొత్త రూపములన్నిటిలో నొక సామాన్యలక్షణము నన్ను బాధించును. అవి పాతకాలమును ప్రేమించును. పాత దీపములు, పాత టెలిఫోనులు, చీకటిగానున్న మెట్లు, పసుపువన్నె వెలుగు. ప్రతి వస్తువును ‘నేను ప్రాచీనమును’ అని చెప్పుచుండును.

శరదిందుకు అవి ప్రాచీనములు కావు. గ్రామఫోను సూదిని ఆయుధముగా, సైకిలు గంటను దానిని విసరు యంత్రముగా ఆయన ఊహించినప్పుడు అవి బజారులో దొరకు కొత్త వస్తువులు. పాఠకుని యింటిలోను ఉండవచ్చును. ఆ పాఠకుడు పుస్తకము మూసి వీధిలోనికి పోయినప్పుడు సైకిలు గంట వినబడినచో ఉలికిపడియుండును. ఈనాడు దానిని చూచువాడు ఉలికిపడడు, అబ్బురపడును. భయము వింతగా మారిపోయినది. లండనులో బి.బి.సి.వారు 2010లో హోమ్స్‌ను నేటి కాలమునకు తెచ్చి చేతిలో సంచార దూరవాణి పెట్టినప్పుడు చాలమంది సనాతనులు కోపించిరి. నాకును ఆ ధారావాహికలోని ఆర్భాటము రుచింపలేదు. కాని డోయల్ కథలు వ్రాయబడినప్పుడు సమకాలికములే గదా అను ఆ దర్శకుల తర్కము సరియైనది. టెలిగ్రాము, రైలు వేళలపట్టిక డోయల్‌కు ఎట్టివో దూరవాణి సందేశము వారికి అట్టిది. ఆ విధమున కాలమునకు అవిధేయులై వారు మరియొక దానికి విధేయులైరి.

వ్యోమకేశ్‌ను ఇట్లు నేటి కోల్‌కతాకు తీసికొనిరావలెనా? రావచ్చునని నా యభిప్రాయము. కాని ధోవతి మార్చి చరవాణి ఇచ్చినంత మాత్రమున కార్యము నెరవేరదు. వీలునామాకు బదులు ఏది, ఉమ్మడి కుటుంబమునకు బదులు ఏది, అజిత్ పాత భాషకు బదులు ఏది అని ఆలోచింపవలెను. వృద్ధులైన తల్లిదండ్రులు, విదేశములందున్న బిడ్డలు, అమ్మకమునకు పెట్టిన పూర్వుల యిల్లు: ఇవి ఈనాటి కోల్‌కతాలోనే కాదు, మన కాకినాడలోను వరంగల్లులోను ఉన్నవి. శరదిందు ఈనాడు జీవించియున్నచో విషపుసూదిని అక్కడనే వెదకియుండును.

తెలుగులో డిటెక్టివు సాహిత్యమునకు కొరత లేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను, అతని సహాయకుడగు రాజును ఒక తరము పాఠకులు ఇంటివారివలె ఎరుగుదురు. అయినను ఆ పుస్తకములను మనము బల్లపై పెట్టుకొనుటకు సిగ్గుపడితిమి. వంగీయులు సిగ్గుపడలేదు. చారిత్రక నవలకు పురస్కారము పొందిన రచయితయే, అదే కలముతో, అదే శ్రద్ధతో డిటెక్టివు కథ వ్రాసెను. పాఠకులును ఆ రెండింటిని ఒకే బీరువాలో పెట్టిరి. 1993నాటి హిందీ ధారావాహిక మనవంటివారికి ఆ బీరువా తలుపు కొంచెము తెరచినది. అటుపిమ్మట పుస్తకము కొరకు వెదకినవారిలో నేనొకడను.

ఆ వెదకులాటలో నాకు చివరకు దొరకినది ‘శజారుర్ కాంటా’. అందు అజిత్ కథకుడు కాడు. పెండ్లియైనను భర్తను ప్రేమింపని దీప అను యువతి, ఆమెను బలవంతపెట్టక ఓర్చుకొను భర్త దేవాశీష్, రవీంద్ర సరోవరము చుట్టు వ్యాపించిన హత్యల భయము: కథ వీరిది. వ్యోమకేశ్ చాలసేపటివరకు అంచుననే యుండును. హంతకుడెవడను దానికంటె ఈ భార్య ఈ భర్తను ఎప్పుడు చూచును అను ఉత్కంఠయే మనలను చదివించును. నేను దానిని తెలుగు చేయుటకు కూర్చున్నప్పుడు మొదటి పుటలోనే ఆగిపోయితిని: దీప ఆలోచనలను ఏ తెలుగులో వ్రాయవలెను? ఇంతకాలము అజిత్ పక్షము వహించిన నా చేతికి, అజిత్‌ను తొలగించిన కథ వచ్చినది. మూడు పుటలు గ్రాంథికమున వ్రాసి చించివైచితిని. నాలుగవమారు, మా యింటిలో ఆడువారు మాటలాడుకొను తెలుగులో ఆరంభించితిని.